పొద్దుతో పాటు లేవడం: సీమ ఎండలకు సరిపడే ఉదయం

ఉదయపు దినచర్య గురించి తెలుగులో కనిపించే సలహాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. నాలుగున్నరకు లేవాలి, చన్నీళ్ల స్నానం చేయాలి, ధ్యానం, వ్యాయామం, డైరీ రాయడం, ఆ తర్వాతే పని. మే నెలలో అర్ధరాత్రి దాటినా వేడి దిగని మిద్దె కింద అనంతపురంలో నిద్ర కోసం దొర్లుతున్న మనిషికి ఈ జాబితా ఎంతవరకు పనికొస్తుంది? కర్నూలులో అద్దె గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్న యువతికీ, కడపలో కుళాయి వచ్చే వేళను బట్టి లేచే గృహిణికీ, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వచ్చే కార్మికుడికీ ఒకే చిట్టా చేతిలో పెట్టడం అన్యాయం. పైగా ఆ చిట్టా పాటించలేకపోయినప్పుడు తప్పంతా తమ సోమరితనానిదేనని వాళ్లు నమ్మడం మొదలుపెడతారు. మనసుకు మేలు చేయాల్సిన ప్రయత్నం చివరికి మనసును గాయపరుస్తుంది.

లేచాక ఏమేం చేయాలన్న ప్రశ్నకన్నా ముందు మూడు విషయాలు తేలాలి. రాత్రి నిద్ర ఎంత పట్టింది, లేచిన గంటలోపు కళ్ల మీద ఎంత వెలుతురు పడింది, ఇంట్లో పొద్దుటి పని ఎవరి మీద పడింది. ఈ మూడూ చక్కబడితే మిగతావి చాలావరకు వాటంతట అవే కుదురుకుంటాయి. ఇవి చక్కబడకుండా ఎంత పట్టుదల చూపినా పది రోజులకు మించి నిలవడం కష్టం.

జీవగడియారానికి వెలుతురే తాళం

రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే చోటికి కాస్త పైన, మెదడులో దాదాపు 20 వేల నాడీకణాల గుంపు ఒకటి ఉంది. శరీరం మొత్తానికి ఇది పగలు, ఇది రాత్రి అని చెప్పే జీవగడియారం అదే. ఇలాంటి గడియారం కణాల లోపల జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో పండ్ల ఈగల మీద పరిశోధించి తేల్చినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో ఈ గడియారం చుట్టు సగటున 24 గంటలకన్నా కొద్దిగా ఎక్కువ. అంటే దాన్ని ఎవరూ సరిచేయకపోతే రోజూ కొన్ని నిమిషాలు వెనకబడుతూ పోతుంది. ఆ సరిచేసే పని వెలుతురుది. ఉదయం పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి పొద్దుపోయాక పడే వెలుతురు వెనక్కి నెడుతుంది. పదకొండింటి దాకా ఫోను చూసి, పొద్దున ఎనిమిదింటి దాకా తలుపులు వేసిన గదిలో ఉండే మనిషికి రెండు వైపుల నుంచీ నష్టమే.

ఇక్కడ కంటి అంచనాను నమ్మడానికి లేదు. ట్యూబ్‌లైటు వెలిగే గదిలో వెలుతురు సాధారణంగా కొన్ని వందల లక్స్‌లకు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించదు. బయట మబ్బు పట్టిన ఉదయాన కూడా అది వేలల్లో ఉంటుంది, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు లక్ష దాకా పోతుంది. కన్ను చీకటికీ వెలుతురుకూ సర్దుకుపోతుంది కాబట్టి ఇంత తేడా ఉందని మనకు తెలియదు. కిటికీ పక్కన కూర్చుని వెలుతురు బాగానే ఉందనుకుంటాం. గుమ్మం దాటి బయట నిలబడితేనే జీవగడియారానికి లెక్కలోకి వచ్చే వెలుతురు దొరుకుతుంది. లేచిన గంటలోపు 20 నిమిషాలు బయట గడపడం, అది ముగ్గు వేస్తూ అయినా, పాల ప్యాకెట్టు కోసం నడుస్తూ అయినా, ఆర్ట్స్ కాలేజీ మైదానంలో తిరుగుతూ అయినా, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా ఫలితమిచ్చే పని. సూర్యుణ్ని నేరుగా చూడాల్సిన అవసరం లేదు, చూడకూడదు కూడా.

లేత ఎండలో నిలబడితే విటమిన్ డి వస్తుందన్న నమ్మకం సీమలో గట్టిగా ఉంది. పొద్దు పొడిచిన వేళ కిరణాలు ఏటవాలుగా వస్తాయి. చర్మంలో విటమిన్ డి తయారీకి కావలసిన అతినీలలోహిత కిరణాలు వాటిలో చాలా తక్కువ. మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉన్న వేళలోనే ఆ కిరణాలు చాలినంత అందుతాయి. పొద్దుటి ఎండ ఇచ్చే లాభం నిద్రకూ మనసుకూ సంబంధించినది. ఎముకల కోసం వేరే ఏర్పాటు చూసుకోవాలి.

అనంతపురం పొద్దు, దేశం గడియారం

భారత కాలమానాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. అనంతపురం దానికి దాదాపు అయిదు డిగ్రీలు పడమరగా, 77.6 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. కాబట్టి అనంతపురంలో సూర్యుడు చేతి గడియారంకన్నా సగటున 20 నిమిషాలు వెనక నడుస్తాడు. కర్నూలులో ఈ తేడా 18 నిమిషాలు, కడపలో 15. ఒకే రాష్ట్రంలోని శ్రీకాకుళంతో పోలిస్తే అనంతపురానికి పొద్దు సుమారు 25 నిమిషాలు ఆలస్యం. బడి గంట, ఆఫీసు వేళ మాత్రం రెండు చోట్లా ఒకటే. పొద్దున అయిదింటికి లేవమన్న సలహా అనంతపురం వాళ్లకు శ్రీకాకుళం వాళ్లకన్నా కాస్త ఎక్కువ చీకట్లో లేవమని చెప్పడమే.

ఏడాది పొడవునా చూస్తే తేడా ఇంకా పెద్దది. అనంతపురంలో జూన్ తొలి రోజుల్లో 5:50 ప్రాంతంలో తెల్లవారితే, జనవరి మూడో వారంలో 6:50 దాకా సూర్యుడు కనిపించడు. పాత పద్ధతులు ఈ మార్పును తమలో కలుపుకుని ఉన్నాయి. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. ఆ లెక్కన అనంతపురంలో అది జూన్‌లో నాలుగుంపావుకు, జనవరిలో అయిదుంపావుకు వస్తుంది. దాన్ని ఏడాదంతా నాలుగింటికి బిగించి పెట్టుకున్నది మన అలారమే. కడపలో, కర్నూలు పాతబస్తీలో వినిపించే ఫజర్ నమాజు పిలుపు కూడా ఇంతే. అది పొద్దును బట్టి రోజుకు కొంచెం కొంచెం జరుగుతూ, వింటున్నవాళ్లకు తెలియకుండానే వాళ్ల మెలకువను కాలంతో పాటు నడిపిస్తుంది. శరీరానికి ఈ నిదానమైన జరుగుడు ఏ మాత్రం ఇబ్బంది కాదు. ఇబ్బంది పెట్టేది సోమవారం అయిదింటికి, ఆదివారం తొమ్మిదింటికి లేవడం. జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోనెబెర్గ్ దీనికి ‘సోషల్ జెట్‌లాగ్’ అని పేరు పెట్టారు. వారానికోసారి విమానంలో కొన్ని దేశాలు దాటి తిరిగొచ్చినంత అలసట, ఇల్లు కదలకుండానే.

ఇంకొక మాట మరచిపోకూడదు. వేకువ జామున లేచిన ఆ పాత సమాజం దీపం పెట్టిన రెండు మూడు గంటలకే పడుకునేది. దాని ఉదయాన్ని తీసుకుని రాత్రిని వదిలేస్తే మిగిలేది నిద్రలేమి ఒక్కటే. పెద్దలకు కనీసం 7 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. అందులోనూ యుక్తవయసులో నిద్ర హార్మోను మెలటోనిన్ విడుదల సహజంగానే ఆలస్యమవుతుంది. పదకొండు దాకా స్టడీ అవర్ పెట్టి అయిదింటికి లేపే రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు పిల్లలకు క్రమశిక్షణ నేర్పుతున్నామని అనుకుంటాయి. నిజానికి పగలు చదివినది జ్ఞాపకంలో స్థిరపడే సమయాన్నే అవి కోసేస్తున్నాయి. ఇది తల్లిదండ్రులు గట్టిగా అడగాల్సిన విషయం.

మిద్దె వేడి

సీమ వేసవిలో ఉదయాన్ని పాడుచేసేది రాత్రి. నిద్ర పట్టాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత కొంత తగ్గాలి. మేలో పగలు 40 డిగ్రీలు దాటే ఊళ్లలో సిమెంటు శ్లాబు రోజంతా ఎండను తాగి రాత్రంతా గదిలోకి వదులుతుంది. నల్లమల, పాలకొండల మధ్య ఉన్న కడపలో వేసవి రాత్రులు ఎంత ఉక్కగా ఉంటాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. నిద్ర ఒంటిగంటకు పట్టి, అయిదున్నరకు వెలుతురుతో మెలకువ వస్తే మిగిలింది నాలుగున్నర గంటలు. ఆ మనిషి చిరాకు పడుతున్నాడంటే, లెక్కలు తప్పుతున్నాడంటే అది స్వభావ దోషం కాదు.

దీనికి సీమవాళ్లకు తెలిసిన ఉపాయాలే ముందు వరుసలో నిలబడతాయి. మిద్దె మీద సున్నం పూత వేస్తే ఎండ కొంత వెనక్కి పోతుంది. పొద్దు వాలాక మిద్దె మీద నీళ్లు చల్లితే శ్లాబు త్వరగా చల్లబడుతుంది. అనంతపురం, కర్నూలు వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కోస్తాలో పనిచేయని కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది. వీలున్నవాళ్లు ఆరుబయట, మిద్దె మీద పడుకోవడం అన్నిటికన్నా మేలు. అక్కడ చల్లగాలికి నిద్ర తొందరగా పడుతుంది, తెల్లవారే వెలుతురు నెమ్మదిగా కళ్ల మీదికి వచ్చి అలారం లేకుండానే లేపుతుంది. ఆధునిక గదుల్లో డబ్బు పెట్టి కొనుక్కునే ఏర్పాటు ఇది. దోమతెర మాత్రం తప్పనిసరి.

అయినా లోటు పడిన నిద్రను మధ్యాహ్నం తీర్చుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. వేసవిలో మధ్యాహ్నం అంగళ్లు మూసి విశ్రాంతి తీసుకునే అలవాటు ఇక్కడి వాతావరణం నేర్పినది. మూడింటిలోపు, అరగంటకు మించకుండా తీసే కునుకు రాత్రి నిద్రను పెద్దగా చెడగొట్టదు. సాయంత్రం అయిదు దాకా పడుకుంటేనే తంటా. సాయంత్రపు టీ సంగతీ ఇంతే. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. ఆరింటికి అంగడి దగ్గర తాగిన టీలో సగం కెఫీన్ పదకొండింటికి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

లేచిన మొదటి గంట

మెలకువ వచ్చిన వెంటనే మెదడు పూర్తిగా లేవదు. 15 నుంచి 30 నిమిషాలు, నిద్ర చాలనప్పుడు గంట దాకా కూడా ఒక మందకొడితనం ఉంటుంది. ఇదే సమయంలో, లేచిన అరగంట, ముప్పావు గంటలో కార్టిసాల్ హార్మోను సహజంగా పెరిగి శరీరాన్ని పగటికి సిద్ధం చేస్తుంది. కాబట్టి లేచిన నిమిషమే కఠినమైన లెక్క ముందు కూర్చోవడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. ముందు ముఖం కడుక్కుని, ఓ గ్లాసు నీళ్లు తాగి, బయట వెలుతురులో నడిచి, ఆ తర్వాత పుస్తకం తీస్తే అదే లెక్క సగం సమయంలో తేలవచ్చు. కర్నూలు, నంద్యాల గదుల్లో పరీక్షలకు చదివేవాళ్లు ఈ అరగంటను వృథా అనుకుని మానేస్తారు. మానకూడనిది అదే.

ఫోను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పొద్దున్నే ఫోను చూస్తే మెదడు పాడవుతుందన్న మాటలు అతిశయోక్తి. అది చేసే అసలు నష్టం సాదాసీదాది. వెలుతురులోకి వెళ్లాల్సిన అరగంట మంచం మీదే కరిగిపోతుంది. ఛార్జరును పడకగది బయట పెట్టడం చాలు.

వేసవిలో వ్యాయామానికి ఉన్న వ్యవధి చిన్నది. ఏడున్నర దాటితే ఎండ చురుక్కుమంటుంది. ఉపాధి హామీ కూలీలు, చీనీ (బత్తాయి) తోటల్లో పనిచేసేవాళ్లు వేసవిలో తెల్లవారుజామునే పనిలోకి దిగేది అందుకే. నడకకు వెళ్లేవాళ్లు కూడా వాళ్ల లెక్కనే పాటించడం మంచిది. రోజూ కూలికి ఒళ్లు వంచేవాళ్లకు మళ్లీ ప్రత్యేకంగా వ్యాయామం చెప్పడం అర్థం లేని పని. వాళ్లకు కావలసింది నీళ్లు, నీడ, నిద్ర.

తిండి విషయంలో సీమకు బయటి సలహాలు అక్కర్లేదు. రాత్రి పులియబెట్టిన చద్దన్నం, మజ్జిగ కలిపిన రాగి అంబలి, జొన్నరొట్టె, ఇవన్నీ ఎండలో పనిచేసేవాళ్ల కోసం పుట్టిన వంటలు. బొరుగులతో చేసే ఉగ్గానితో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. బొరుగులు తేలిక, త్వరగా అరుగుతాయి, పదిన్నరకే మళ్లీ ఆకలి వేస్తుంది. అందులో పప్పుల పొడి దండిగా కలిపి, పక్కన మిరపకాయ బజ్జికి బదులు ఉడికించిన శెనక్కాయలో, ఒక గుడ్డో తీసుకుంటే మధ్యాహ్నం దాకా నిలబడుతుంది. బజ్జి వారానికి ఒకరోజు ఉండనే ఉంది.

ఎవరి ఉదయం?

ఉదయపు దినచర్య గురించి రాసేవాళ్లు తరచూ తప్పించుకునే ప్రశ్న ఇది. ఇంట్లో ఒకరు ప్రశాంతంగా ధ్యానం చేస్తున్నారంటే, ఆ సమయానికి నీళ్లు పట్టేది, కల్లాపి చల్లేది, పిల్లల క్యారియర్లు కట్టేది ఎవరు? 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ 299 నిమిషాల్లో పెద్ద వాటా ఉదయానిదేనని ఏ ఇంటి వంటగదిలోకి తొంగి చూసినా తెలుస్తుంది. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారకముందే వచ్చే వీధుల్లో ఆడవాళ్ల నిద్రను నిర్ణయించేది జీవగడియారం కాదు, వాల్వు తిప్పే వేళ.

ఇలాంటి ఇంట్లో గృహిణికి ‘మీకంటూ ఓ గంట కేటాయించుకోండి’ అని సలహా ఇవ్వడం ఆమెను ఇంకో గంట ముందు లేవమనడమే అవుతుంది. మార్చాల్సింది పని పంపకం. నీళ్లు పట్టే పని ఒకరోజు భర్తది, ఒకరోజు ఎదిగిన కొడుకుది కావచ్చు. క్యారియర్‌కు కూరగాయలు ముందు రాత్రే అందరూ కలిసి తరగవచ్చు. ఇంత చిన్న సర్దుబాటుతో ఒక మనిషికి అరగంట నిద్ర దక్కుతుంది. ఆ అరగంట ఏ ధ్యానంకన్నా తక్కువ మేలు చేయదు.

ఆడవాళ్ల పొద్దుటి నీరసానికి ఇంకో కారణమూ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. లేవగానే కళ్లు తిరగడం, మెట్లెక్కితే ఆయాసం, ఎంత పడుకున్నా తీరని అలసట ఉంటే దినచర్య మార్చడానికి ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి, వీలైతే థైరాయిడ్ కూడా. భోజనంతో పాటు టీ తాగితే తిండిలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. టిఫినుకూ టీకీ మధ్య గంట ఎడం ఉంచడం మంచిది.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్ల ఉదయం పొద్దుతో మొదలవదు, నిద్ర లేవడంతో మొదలవుతుంది. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలోనో, ఆసుపత్రుల్లోనో రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు కిటికీలకు దుప్పటి కట్టి గదిని చీకటి చేసుకుని పడుకోవాలి, లేచాక ఎండ వెలుతురులోకి రావాలి. వాళ్లు పడుకున్న వేళ ఇంట్లో టీవీ శబ్దం తగ్గించడం కుటుంబం చేయగల సాయం.

అలవాటు నిలవడానికి పట్టే కాలం

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని అందరూ అంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిపై చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక చిన్న పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి అందులో పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. ఇందులో ఊరటనిచ్చే అంశం ఒకటి ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే తీరు పెద్దగా దెబ్బతినలేదు. పెళ్లి ఇంట్లో రాత్రంతా మేలుకున్నా, రంజాన్ నెలలో తెల్లవారకముందు తినే సహరీ కోసం వేళలు మారినా, జాతరకు సొంతూరు వెళ్లినా చేసిన శ్రమంతా పోయినట్టు కాదు.

అలవాటు పట్టుకోవాలంటే దాన్ని ఇప్పటికే జరుగుతున్న పనికి ముడివేయాలి. ‘రేపటి నుంచి నడుస్తాను’ అన్న సంకల్పంకన్నా ‘పాలు పొయ్యి మీద నుంచి దించగానే చెప్పులు వేసుకుని వీధి చివరి దాకా వెళ్తాను’ అన్నది నిలుస్తుంది. మొదటి రెండు నెలలు ఒకటే పని పెట్టుకోవడం మంచిది. ఏది అని అడిగితే, రోజూ ఇంచుమించు ఒకే వేళకు లేచి బయటి వెలుతురులోకి రావడం. మిగతావన్నీ ఆ తర్వాత.

పొద్దున బరువుగా తెల్లవారితే

ఎవరికి ఏ వేళ చురుకుగా ఉంటుందన్నది కొంతవరకు జన్యువుల్లోనే ఉంటుంది. ఆలస్యంగా లేచి రాత్రి బాగా పనిచేసే మనిషి, నిద్ర చాలినంత పోతూ మనసు తేటగా ఉన్నంతవరకు, మారాల్సిన పని లేదు.

కానీ ఇంకో రకం ఉదయం ఉంది. మామూలుగా లేచే వేళకు రెండు గంటల ముందే మెలకువ వచ్చేస్తుంది. మళ్లీ నిద్ర పట్టదు. ఈ రోజు ఎలా గడుస్తుందోనన్న గుబులు గుండె మీద కూర్చుంటుంది. మధ్యాహ్నానికో సాయంత్రానికో కొంచెం తేలికవుతుంది, మర్నాడు మళ్లీ అదే. పొద్దున ఎక్కువై సాయంత్రం తగ్గే ఈ దిగులు డిప్రెషన్‌లోని ఒక రకానికి గుర్తు. బయటివాళ్లకు మాత్రం ఆ మనిషి వేకువనే లేచే క్రమశిక్షణ గలవాడిగా కనిపించవచ్చు. పంట దెబ్బతిన్న ఏడాది అప్పుల లెక్క పెట్టుకుంటూ చీకటితో లేచి కూర్చునే రైతు ఇంట్లో ఈ తేడాను గమనించాల్సింది పక్కనున్నవాళ్లే. రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే నడకా ధ్యానమూ చాలవు, వైద్యం కావాలి. అనంతపురం, కర్నూలు, కడప ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎన్నాళ్లుగా ఇలా మెలకువ వస్తోంది, ఎన్నింటికి వస్తోంది, ఆకలి ఎలా ఉంది, చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా, ఈ నాలుగు సంగతులు దాచకుండా చెబితే అవతలివాళ్లకు దారి చూపడం సులువవుతుంది. ఆ మనిషి తానుగా ఫోన్ చేయలేని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్లు చేసినా మాట్లాడతారు.